నలభై దాటాక చంకలో చంటిబిడ్డ

చంటిబిడ్డను చూసుకోవడానికి మనిషి కోసం వెతికే ఇంట్లో మొదటి ప్రశ్న చదువు గురించి రాదు. "మీకు పిల్లలెంతమందమ్మా? పెళ్లిళ్లయిపోయాయా?" అని అడుగుతారు. అయిపోయాయంటే అడిగినవాళ్ల ముఖంలో కాస్త నెమ్మది కనిపిస్తుంది. ఇంటి నుంచి ఘడియ ఘడియకూ ఫోన్లు రావు, పండక్కి నాలుగు రోజులు ముందే సంచి సర్దుకోదు, పసిదాని ఏడుపు విని కంగారు పడదు. ఇవన్నీ ఆ ఒక్క జవాబులోనే వినపడతాయి. దుకాణంలో, ఆఫీసులో, కుట్టు మిషన్ల ఫ్యాక్టరీలో నలభై దాటిన ఆడమనిషి వయసు తగ్గించి చెప్పుకోవాలి. ఈ పనిలో మాత్రం నెరిసిన జుట్టే సర్టిఫికెట్.

వింతేమిటంటే పనిలోకి రమ్మని పిలిచే వయసు, రక్షణ కల్పించే పథకాలన్నీ ఒక్కొక్కటిగా తలుపులు మూసుకునే వయసు ఒక్కటే. నడివయసులో ఆయమ్మ అయ్యే ఆడవాళ్ల కథ అర్థం కావాలంటే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

హైదరాబాద్‌లో ఈ పనికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒక జీవితం పూర్తిచేసి వచ్చినవాళ్లే. గోదావరి జిల్లాల నుంచి, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి, మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల నుంచి వస్తారు. పాతికేళ్లు వంగి నాట్లు వేసిన నడుముకు ఇక వంగే ఓపిక ఉండదు. కోత మిషన్లు వచ్చాక కూలి దినాలూ తగ్గాయి. భర్త పోయి ఉంటాడు, లేదా ఉన్నా లేనట్టే ఉంటాడు. కూతురి పెళ్లికి తెచ్చిన అప్పు, డ్వాక్రా సంఘంలో నెలనెలా కట్టాల్సిన వాయిదా తరుముతుంటాయి. ఊళ్లో నుంచి ఇదివరకే వెళ్లిన ఒకావిడ ఫోన్ చేసి "మా మేడమ్ గారి చెల్లెలింట్లో కావాలంట, వస్తావా" అని అడుగుతుంది. చాలామందికి ఉద్యోగ ప్రకటన అంటే అదే.

ఇంకో రకం వాళ్లున్నారు. వాళ్లను ఎవరూ ఆయమ్మ అనరు, వాళ్లూ అనుకోరు. చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేసి మానేసినావిడ, పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయిన గృహిణి తమ ఫ్లాటులోనే పక్క ఫ్లాట్ల పిల్లలు ముగ్గురు నలుగురిని పగలంతా చూసుకుంటారు. చేతులు చేసే పని ఒకటే అయినా పేరు "డేకేర్" అయ్యేసరికి మర్యాద మారుతుంది. ఎవరి ఇంట్లో చేస్తున్నారన్నదే తేడా. సొంత గడపలో చేస్తే మేడమ్, పరాయి గడపలో చేస్తే మనిషి.

ఈ గిరాకీకి కారణాలు తెలిసినవే. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, పెద్దవాళ్లు వేరే ఊళ్లో. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం (క్రెష్) ఉండాలని కూడా అదే సవరణ చెప్పింది. అంటే తల్లి ఆఫీసుకు తిరిగి వెళ్లేసరికి బిడ్డకు ఆరు నెలలు కూడా నిండవు. ఆఫీసులో క్రెష్ ఉన్నా, మియాపూర్ నుంచి మాదాపూర్‌కు పొద్దున ట్రాఫిక్‌లో పాలబుగ్గల బిడ్డను మోసుకెళ్లే ధైర్యం ఎందరికుంటుంది? ఇంటికే మనిషిని పెట్టుకుంటారు.

ఆయమ్మ పని అని ఒక్క మాటతో అనేస్తాం గానీ లోపల కనీసం మూడు పనులున్నాయి. ఒకటి బాలింత పని: కాన్పయిన రోజు నుంచి నలభై రోజులో మూడు నెలలో బిడ్డకు, తల్లికి నీళ్లు పోసి, పథ్యం వండి, రాత్రిళ్లు మేలుకోవడం. రెండోది ఇంట్లోనే ఉండిపోయే "24 గంటల మనిషి". మూడోది పొద్దున వచ్చి సాయంత్రం తల్లి ఆఫీసు నుంచి రాగానే వెళ్లిపోయేది. జీతం, అలసట, గౌరవం మూడింటిలో మూడు రకాలు. బాలింత పని తెలిసినావిడకు ఉన్న పట్టు మిగతా ఇద్దరికీ ఉండదు, ఎందుకంటే ఆ నలభై రోజులూ ఇంటిల్లిపాదీ ఆమె ఏం చెబితే అదే చేస్తారు.

ఆ పట్టు ఎక్కడి నుంచి వచ్చింది? ఒక తరం కిందటి దాకా ఊళ్లో నీళ్లు పోసే ఆవిడ వేరే ఉండేది. చాలా ఊళ్లలో మంగలి, చాకలి కులాల ఆడవాళ్లు మంత్రసానితనంతో పాటు ఇదీ చేసేవారు. పీట మీద కూర్చుని, కాళ్లు బార్లా చాపి, మోకాళ్ల దిగువన కాళ్ల మీద బిడ్డను పొడుగ్గా పడుకోబెట్టుకుంటే పిక్కలే తొట్టి. నీళ్ల వేడి మోచేతితో చూసుకోవాలి, అరచేయి మొద్దుబారి ఉంటుంది కాబట్టి. మెడ నిలవని బిడ్డ తల పాదాల వైపు ఆనుతుంది, ఒక చేయి గడ్డం కింద. నూనె రాసి, సున్నిపిండితో నలిచి, బోర్లా తిప్పి వీపు మీద పోసి, చివరి చెంబు దిష్టి తీసినట్టు తిప్పి పోసి, గుడ్డలో చుట్టి సాంబ్రాణి పొగకు ఆరబెట్టడం, ఇదంతా పది పదిహేను నిమిషాల్లో బిడ్డ గుక్క పట్టకుండా అయిపోవాలి. పుస్తకంలో చదివి, వీడియోలో చూసి చేయబోయిన కొత్త తల్లిదండ్రులకు సబ్బు నురగతో జారిపోతున్న 3 కిలోల బిడ్డ ఎంత భయపెడుతుందో తెలుసు. అలాంటప్పుడు ముగ్గురు పిల్లల్ని, నలుగురు మనవల్ని పెంచిన చేతులకు విలువ కట్టడం కష్టం. నిజానికి ఎవరూ కట్టరు కూడా. "అదేముందండీ, ఆడవాళ్లందరికీ వచ్చిన పనేగా" అనే మాటతో జీతం బేరం మొదలవుతుంది.

అయితే ఆ అనుభవమంతా బంగారమే అనుకుంటే అదీ పొరపాటే. నలభై ఐదేళ్లావిడ తన పిల్లల్ని పెంచినప్పటి పద్ధతుల్లో కొన్నింటిని ఇప్పుడు మానుకోవాలి, కొన్నింటిని తక్షణం మానుకోవాలి. పుట్టిన బిడ్డకు తేనె నాకించడం వాటిలో ముందుది. తేనెలో ఉండే బోట్యులిజం సూక్ష్మజీవి బీజాలు ఏడాది లోపు పిల్లల పేగుల్లో పెరిగి విషం పుట్టించగలవు. ముక్కు పట్టేసిందని ముక్కులో నూనె చుక్క వేస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తేగలదు. కొత్తగా పుట్టిన పిల్లలకు, మగబిడ్డలకు కూడా, తల్లి హార్మోన్ల వల్ల రొమ్ములు కొద్దిగా ఉబ్బుతాయి. వాటిని పిండి పాలు తీసెయ్యాలని పాతకాలం నమ్మకం. వదిలేస్తే వాటంతటవే తగ్గేవి, పిండితే చీము పట్టి ఆస్పత్రి దాకా తీసుకెళతాయి. కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని డాక్టర్లు చెబుతారు, ఉగ్గుగిన్నె చేతబట్టి పెరిగిన తరానికి అది మింగుడు పడదు.

నిద్ర సంగతి ఇంకా నాజూకు. బోర్లా పడుకోబెడితే పిల్లలు గాఢంగా నిద్రపోతారు, నిజమే. కానీ ఏ కారణమూ కనపడకుండా నిద్రలోనే పసివాళ్లు చనిపోయే ఉదంతాలకు బోర్లా పడుకోబెట్టడంతో సంబంధం ఉందని తేలాక అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారం చేశారు. తర్వాతి ఏళ్లలో ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఇప్పుడు మన పిల్లల డాక్టర్లూ అదే చెబుతున్నారు. వెల్లకిలా, గట్టి పరుపు మీద, ముఖం దగ్గర దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టమంటున్నారు.

ఇక్కడే ఇంట్లో చిక్కు వస్తుంది. కోడలు డాక్టరు చెప్పింది చెయ్యమంటుంది, అత్తగారు తాను చేసింది చెయ్యమంటుంది. ఆయమ్మ వయసు అత్తగారిది, జీతమిచ్చేది కోడలు. పని నిలబెట్టుకున్న ఆయమ్మలు చాలామంది ఈ రెంటి మధ్యా ఒక దారి కనిపెట్టుకుంటారు. దిష్టి తీయమంటే తీస్తారు, సాంబ్రాణి పొగ గదిలో కాకుండా గుమ్మం దగ్గర వేస్తారు, ముక్కులో నూనె మాత్రం "డాక్టరుగారు వద్దన్నారంటమ్మా" అని వాళ్లూ వీళ్లూ కాని మూడో మనిషి మీదికి నెట్టేస్తారు. ఏ శిక్షణ కోర్సులోనూ నేర్పని నేర్పు ఇది. వయసుతో తప్ప రాదు.

కోర్సులు లేకపోలేదు. ఇంటి పనుల కోసమే ఏర్పడిన నైపుణ్య మండలి "చైల్డ్ కేర్‌టేకర్" అనే పనికి ప్రమాణాలు రూపొందించింది. పల్లె నుంచి నేరుగా ఏజెన్సీకి వచ్చే మనిషి దాకా అవి చేరడం అరుదు. నిజంగా నేర్పాల్సినవి చాలా చిన్నవి, ప్రాణం మీదికి తెచ్చేవి కూడా అవే. ఒక్క ఉదాహరణ చాలు. జ్వరానికి వేసే పారాసెటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటుంది. అదే సిరప్ మామూలుగా 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 25. ఒకే పేరు, ఒకే రంగు, నాలుగింతల తేడా. సిరప్ కొలత గుర్తుపెట్టుకుని చుక్కల మందు పోస్తే బిడ్డకు నాలుగు రెట్ల మందు లోపలికి పోతుంది. అట్ట మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, చదవాల్సినావిడకు చత్వారం వచ్చి నాలుగేళ్లయి ఉంటుంది. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ వచ్చేదే. పనిలో పెట్టుకునేటప్పుడు పోలీసు వెరిఫికేషన్, ఆధార్ కాపీ అడిగే కుటుంబాల్లో కళ్లజోడు ఉందా అని అడిగేవాళ్లు ఎందరుంటారు? మూడు వందల రూపాయల అద్దాలు హాల్లో పెట్టిన కెమెరా కంటే బిడ్డకు ఎక్కువ భద్రత.

ఇక మోకాళ్లు. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఐదో నెలకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు బరువు పెరుగుతుంది. మూడేళ్లకు దాదాపు 14 కిలోలు. ఆయమ్మ మాత్రం అదే మూడేళ్లలో 47 నుంచి 50కి వస్తుంది. మెనోపాజ్ తర్వాత ఆడవాళ్ల ఎముకలు త్వరగా పలచబడతాయన్నది తెలిసిందే. బిడ్డను నేల మీది నుంచి ఎత్తడం, ఉయ్యాలలోకి వంచి దించడం, కింద కూర్చుని లేవడం రోజుకు ఎన్నిసార్లో లెక్క ఉండదు. పాలుతాగే బిడ్డ తొలి వారాల్లో రెండు మూడు గంటలకోసారి లేస్తుంది, రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు. రాత్రి కూడా ఆయమ్మే చూసుకుంటే పగలు ఎవరో ఒకరు ఆమెకు నిద్రపోయే వేళ ఇవ్వాలి. "బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అంటారు. బిడ్డ పడుకున్నప్పుడే బాటిళ్లు కడగాలి, బిడ్డ గుడ్డలు ఉతకాలి, కాస్త కూరగాయలు కూడా తరిగిపెట్టాలి. 24 గంటల మనిషి అనే మాటను ఎవరూ అతిశయోక్తిగా వాడటం లేదు.

గంటల లెక్క ఒకసారి వేసి చూడొచ్చు. నెలకు 20 వేలు ఇస్తున్నారనుకుందాం. తిండీ బసా ఇంట్లోనే. రోజుకు 14 గంటలు పనిలో ఉంటే, వారానికో సెలవుతో నెలకు 26 రోజులైతే, గంటకు 55 రూపాయలు పడుతుంది. సెలవు లేకుండా 30 రోజులూ అయితే 48కి దిగుతుంది. రాత్రి మేలుకున్న గంటలు కలిపితే ఇంకా కిందికి. జీతం అంకె పెద్దదిగా కనపడటానికి కారణం గంటలు కనపడకపోవడమే. వారానికో సెలవు అడగడమంటే జీతం పెంచమని అడిగినట్టేనని ఆయమ్మలకూ తెలుసు, యజమానులకూ తెలుసు. అందుకే యజమానులు జీతం వెయ్యి పెంచడానికి ఒప్పుకుంటారు గానీ ఆదివారం వదులుకోవడానికి ఒప్పుకోరు.

చట్టం ఏమంటోంది? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. కాగితం మీద అది మంచి ఆరంభమే. కానీ ఫ్యాక్టరీకి వెళ్లినట్టు లేబర్ ఇన్‌స్పెక్టర్ ఫ్లాటు తలుపు కొట్టి హాజరుపట్టీ చూపించమనడు. ప్రావిడెంట్ ఫండ్, ఈఎస్ఐ ఇంటి గడప దాటి లోపలికి రావు. గృహ కార్మికుల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడికను ఆమోదించినప్పుడు భారత్ అనుకూలంగా ఓటు వేసింది, ఇప్పటిదాకా ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు గృహ కార్మికులకు చట్టపరమైన రక్షణ ఎలా ఉండాలో పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. గట్టిగా నిలబడ్డది ఒకటుంది: పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం. అది ఇంటిని కూడా పని ప్రదేశంగానే చూస్తుంది, ఇంట్లో పనిచేసేవాళ్లు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. అలాంటి కమిటీ ఒకటుందని తెలిసిన ఆయమ్మలు ఎంతమంది అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు మొదట చెప్పిన తలుపుల సంగతి. పిల్లలను చూసుకునే పనుల్లో ప్రభుత్వం గుర్తించినది అంగన్‌వాడీ ఆయా ఉద్యోగం. జీతం తక్కువే అయినా ఒక స్థిరత్వం, ఊళ్లోనే ఉండొచ్చన్న సౌకర్యం ఉన్నాయి. దానికి ఎంపిక వయసు 35 దాటకూడదు. అసంఘటిత కార్మికుల కోసం 2019లో వచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో చేరితే అరవై తర్వాత నెలకు 3,000 పింఛను, కార్మికులు కట్టినంత కేంద్రం కూడా కడుతుంది. చేరే వయసు 18 నుంచి 40. అటల్ పింఛను యోజనకూ అంతే, 40 దాటితే లేదు. అసంఘటిత కార్మికుల వివరాల కోసం 2021లో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో 40 దాటినా పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ పథకాలు రాసినవాళ్ల ఊహలో కార్మికుడంటే ఇరవై ఏళ్లకు పనిలో దిగి అరవైకి దిగిపోయే మగవాడే ఉన్నట్టున్నాడు. ఇరవై ఏళ్లు పొలంలో, ఇంట్లో చేసి, 45కు జీతమనే మాట మొదటిసారి విన్న ఆడమనిషి ఆ లెక్కలో ఎక్కడా తగలదు.

ఆమెకు తెరిచి ఉన్న తలుపులు కొన్నే. ఏడాదికి 20 రూపాయల ప్రీమియంతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా యోజన 70 ఏళ్ల దాకా వర్తిస్తుంది. 436 రూపాయల జీవన్ జ్యోతి బీమాలో 50 లోపు చేరాలి. జాతీయ పింఛను పథకంలో 60 దాటినా చేరవచ్చు, కానీ అందులో వాటా కలిపే యజమాని ఉండడు. ఆ తర్వాత రాష్ట్రం ఇచ్చే సామాజిక పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 60 దాటిన వృద్ధులకు, వితంతువులకు 2024 జూలై నుంచి నెలకు 4,000. తెలంగాణలో 2,016. రెండు రాష్ట్రాల మధ్య ఈ తేడాకు ఒక ఆచరణాత్మక ఫలితం ఉంది. 4,000 పింఛను చేతికొచ్చే వితంతువు జీతం బేరంలో కాస్త నిటారుగా కూర్చోగలదు, నచ్చని ఇల్లు వదిలేసి ఊరెళ్లి నెల రోజులు ఆగగలదు. కార్మిక చట్టాలు ఇవ్వని బలాన్ని పింఛను ఇస్తోందన్నమాట, ఆ ఉద్దేశంతో పెట్టింది కాకపోయినా.

వయసు మీద చట్టం గీసిన గీతల్లో మరీ చిత్రమైనది గల్ఫ్ ప్రయాణానిది. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కువైట్ ఇళ్లలో పనికి వెళ్లడం దశాబ్దాలుగా ఉన్నదే. అక్కడి మాటలో ఖద్దామా, వీసా లెక్కలో 20వ నంబరు. వంట, శుభ్రం, పిల్లలు అన్నీ కలిసే ఉంటాయి గానీ పిల్లలున్న ఇంట్లో చివరికి పిల్లలే ముఖ్యమైన పని అవుతారు. పెద్ద చదువు లేక వలస తనిఖీ పాస్‌పోర్టు మీద వెళ్లే ఆడవాళ్లను 30 ఏళ్లు నిండకుండా 18 దేశాలకు పనికి పంపకూడదన్నది భారత ప్రభుత్వ నియమం. కువైట్ 2015లో చేసిన గృహ కార్మికుల చట్టం 21 నుంచి 60 మధ్య వయసు వాళ్లనే తీసుకోవాలంటుంది. ఈ రెండు నియమాలూ కలిపి చూస్తే, తెలుగు నేల నుంచి కువైట్‌కు చట్టబద్ధంగా వెళ్లే ఆయమ్మ నిర్వచనం ప్రకారమే నడివయసు మనిషి. పసిపిల్లల తల్లులు బిడ్డల్ని వదిలి వెళ్లకుండా, చిన్నవయసు ఆడపిల్లలు మోసపోకుండా ఉండాలని పెట్టిన నియమం అది. వెళ్లక తప్పని ఇరవై ఐదేళ్ల అమ్మాయిని అది ఆపలేదు, దొంగదారిలోకి, వయసు మార్చిన కాగితాల్లోకి నెట్టింది.

నడివయసులో వెళ్లేవాళ్లకు అక్కడి చట్టం మాటవరసకైనా కొన్ని హక్కులు చెబుతుంది. రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని ముగించి వచ్చేటప్పుడు చేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదన్న నిషేధం. హైదరాబాద్ ఫ్లాటులో ఆయమ్మకు వీటిలో ఒక్కటీ రాతపూర్వకంగా లేదు. కువైట్ ఇళ్లలో ఇవన్నీ జరుగుతున్నాయని కాదు, జరగడం లేదని చెప్పే తిరిగొచ్చిన ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. కానీ కాగితం ఉంటే కనీసం ఎంబసీ ముందు చూపించడానికి ఒకటుంటుంది. అందుకే వెళ్లేవాళ్లు విజిట్ వీసా ఏజెంటును కాక, ఆంధ్రాలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారా, కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్లో నమోదైన ఒప్పందంతో వెళ్లడమే మేలు. ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే ఏజెంట్ల పెట్టుబడి.

వయసును అనుభవంగా గుర్తించే చోట్లు లేవా అంటే ఉన్నాయి. సింగపూర్‌లో మామూలు ఇంటిపనికి విదేశాల నుంచి వచ్చేవాళ్లు కొత్తగా చేరేటప్పుడు 50 లోపు ఉండాలి. బాలింతను, పసిబిడ్డను చూసుకోవడానికి మలేషియా నుంచి వచ్చే ఆడవాళ్లకు మాత్రం ప్రత్యేకమైన పర్మిట్ ఉంది. బిడ్డ పుట్టిన రోజు నుంచి 16 వారాల వరకు చెల్లుతుంది, వయసు పరిమితి 70. చైనాలో పురిటి నెల చూసుకునే ఆవిడను "నెల వదిన" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. 1990ల చివర్లో ప్రభుత్వ ఫ్యాక్టరీలు మూతపడి వీధిన పడ్డ నడివయసు ఆడవాళ్లు ఎందరో ఈ పనిలోకి వచ్చారు. ఇప్పుడు పెద్ద నగరాల్లో వాళ్లకు అనుభవాన్ని బట్టి తరగతులు, తరగతిని బట్టి జీతం. మన దగ్గరా బాలింత పని పాతదే, పద్ధతి ఉన్నదే. అయినా పదేళ్ల అనుభవమున్నావిడ కొత్త ఇంటికి వెళితే మళ్లీ అదే మొదటి జీతం దగ్గర బేరం మొదలుపెట్టాలి.

పోల్చి చూడాల్సినవాళ్లు ఇంకొకరున్నారు, వాళ్లను ఈ జాబితాలో చేరిస్తే నొచ్చుకునేవాళ్లూ ఉంటారు. కూతురి పురుటికో కోడలి పురుటికో అమెరికాలోని డల్లాస్, ఎడిసన్ లాంటి ఊళ్లకు వెళ్లే తెలుగు అమ్మమ్మలు, నానమ్మలు. సందర్శక వీసా మీద దిగినవాళ్లను మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. అందుకే ఆర్నెల్లు అమ్మగారు, ఆర్నెల్లు అత్తగారు అని ఏడాదిని రెండుగా పంచుకునే పద్ధతి ఏర్పడింది. ప్రేమతోనే వెళతారు, సందేహం లేదు. కానీ రోజంతా చేసే పని చూస్తే అదే: మేలుకోవడం, పాలు పట్టడం, వండటం, మంచు పడే ఊళ్లో నాలుగు గోడల మధ్య ఉండటం. తెలిసిన మనిషి లేక, కారు నడపడం రాక, బయటికి వెళ్లాలంటే కొడుకు శనివారం కోసం ఎదురుచూడటం. అరవై ఏళ్ల అమ్మ చేస్తే మమకారం, యాభై ఏళ్ల ఆయమ్మ చేస్తే "అదేముంది" అనిపించే పని ఇది. అమెరికాలో అదే పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో ఆ ఇంట్లో వాళ్లకు బాగా తెలుసు.

హైదరాబాద్ ఫ్లాటులో మమకారానికీ జీతానికీ గీత ఎప్పుడు చెరిగిపోతుందో చెప్పడం కష్టం. బిడ్డకు మొదటి మాటలు తరచుగా ఆయమ్మ యాసలోనే వస్తాయి. అమ్మానాన్నలు ఇంగ్లీషులో ముద్దుచేస్తుంటే బిడ్డ "బువ్వ ఒద్దు", "అట్నుంచి రా" అని మారాం చేస్తుంది. తెలుగు పిల్లలకు తెలుగు రావడం లేదని బాధపడే సభలకు పిలవాల్సినవాళ్లలో ఈ ఆయమ్మలు ముందుండాలి. కానీ అదే ఇంట్లో చేరేటప్పుడు "మీరేమిటోళ్లు?" అని కులం అడిగి ఉంటారు, కంచం, గ్లాసు విడిగా పెట్టి ఉంటారు. బిడ్డ ఆ గ్లాసులోంచే ఆమె నీళ్లు తాగేస్తుంది.

ఈ పనిలో చేరబోయే నలభై ఐదేళ్లావిడకు తెలిసినవాళ్లు చెప్పే జాగ్రత్తలు ముందుగా మాట్లాడుకోవాల్సిన విషయాల గురించే ఉంటాయి. రాత్రి ఎవరిది? పసిదాని పని కాక ఇంకేం చేయాలి? ఊరికి వెళ్లే రోజులెన్ని, ఆ రోజులకు జీతం కోస్తారా? జ్వరమొస్తే ఎవరు చూపిస్తారు? ఏజెన్సీ కమీషను ఎవరి డబ్బులోంచి? ఆధార్ అసలు కాగితం ఇవ్వకుండా నకలు మాత్రమే ఇవ్వాలి. జీతం బ్యాంకు ఖాతాలో పడితే మేలు, రేపు అప్పు అడిగినా తగువు వచ్చినా సాక్ష్యం అదొక్కటే. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని అడిగితే అవమానంగా తీసుకోనక్కరలేదు. క్షయ పసిపిల్లల్లో త్వరగా ముదురుతుంది, ఆ పరీక్ష ఖర్చు మాత్రం అడిగినవాళ్లే పెట్టుకోవాలి.

పని ముగిసేది బిడ్డ బడికి వెళ్లే జూన్ నెలలో. మూడేళ్లు దగ్గరుండి పెంచినావిడకు వారం ముందు చెబుతారు, కొందరు ఒక చీర పెడతారు, కొందరు నెల జీతం అదనంగా ఇస్తారు. రెండోది చేసేవాళ్లు తక్కువ. మూడేళ్ల పనికి ఆమె వెంట వెళ్లే రుజువు ఒక్కటే, ఆ ఇంటివాళ్ల ఫోన్ నంబరు. తర్వాతి ఇంటివాళ్లు ఆ నంబరుకు ఫోన్ చేసి "మనిషి ఎలాంటిదండీ" అని అడుగుతారు. వెళ్లేటప్పుడు సెలవు విషయంలోనో జీతం విషయంలోనో మాటా మాటా అనుకుని ఉంటే అవతలివాళ్లు ఒక్క క్షణం తటపటాయిస్తారు. ఫోన్ చేసినవాళ్లకు ఆ తటపటాయింపే జవాబు, వేరే మనిషిని చూసుకుంటారు.